ఉత్తర తెలంగాణకు భూతాపంతో లాభమా, నష్టమా? వడ్లు, చెరువులు, ఉక్కపోత లెక్కతో చెప్పండి

పరకాల_పత్తిచేను (ప్రశ్న)

భూతాపం మీద చర్చ ఎక్కడ మొదలైనా ధ్రువపు ఎలుగుబంట్ల దగ్గరికో మాల్దీవుల దగ్గరికో పోయి ఆగుతుంది. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ దిక్కు ఏమవుతుందో లెక్కతో చెప్పేవాళ్లు తక్కువ. వాట్సాప్‌లో మాత్రం రెండు రకాల పోస్టులు తిరుగుతున్నాయి. మొదటిది: అంతా నాశనం, ఇంకొన్నేండ్లకు ఇక్కడ వరి పండదు. రెండోది: కార్బన్ డయాక్సైడ్ మొక్కకు తిండే, అది పెరిగితే దిగుబడి పెరుగుతుంది, చలి తగ్గితే ముసలివాళ్లు బతుకుతారు, వానలు పెరిగితే చెరువులు నిండుతాయి, ఉపగ్రహ చిత్రాల్లో దేశం పచ్చబడుతోంది కూడా.

రెండో పోస్టును ఒక్క మాటతో కొట్టిపారేయలేకపోతున్న. ఒక్కో ముక్క విడిగా చూస్తే అబద్ధంలా లేదు. అందుకే తెలిసినవాళ్లను అడుగుతున్న. వరికి ఆ గ్యాస్ లాభం నిజంగా ఎంత? యాసంగి నారుకు చలి తగ్గడం మంచిదే కదా? ఎండకన్నా చలికే ఎక్కువమంది చనిపోతారన్నది నిజమా? కుంభవృష్టి పడితే చెరువుకు లాభమా, కట్టకు ముప్పా? రాజకీయం వద్దు, అంకెలు కావాలి.

పొలాస_గట్టు

వరి నుంచి మొదలుపెడతా. పరిశ్రమలు రాకముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. వరి, పత్తి, సోయా, కంది, పెసర, మిర్చి, పసుపు అన్నీ సీ3 రకం పంటలు. వీటికి ఆ గ్యాస్ పెరిగితే ఆహారం తయారీ నిజంగానే పెరుగుతుంది. పొలం చుట్టూ గొట్టాలు వలయంగా పెట్టి గ్యాస్ వదిలి చేసిన ప్రయోగాల్లో, 550 దగ్గర ఈ పంటల దిగుబడి సుమారు 10 నుంచి 20 శాతం పెరిగింది. కాబట్టి ఆ పోస్టులో ఈ ముక్క నిజమే.

కానీ ఆ లాభం చేతికి రావాలంటే నత్రజని సరిపడా ఉండాలి. మొక్క ఎక్కువ పెరగాలని చూస్తుంది, భూమిలో సత్తువ లేకపోతే ఆగిపోతుంది. గింజ నాణ్యత కూడా పలచబడుతుంది. దాదాపు అదే 550 స్థాయిలో పండించిన బియ్యంలో జింకు 3 శాతం, ఇనుము 5 శాతం, ప్రొటీను 8 శాతం దాకా తగ్గినట్టు కొలిచారు. రోజుకు మూడు పూటలా అన్నమే తినే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

మక్కజొన్న, జొన్న, చెరుకు సీ4 రకం. వాటి ఆకులోనే గ్యాస్‌ను చిక్కబరిచే ఏర్పాటు ఉంటుంది కాబట్టి గాలిలో పెరిగినా నీళ్లున్న పొలంలో దాదాపు ఫరక్ పడదు. నీళ్లెద్దడి ఉన్నప్పుడు ఆకు రంధ్రాలు కొంత మూసుకుని తేమ మిగులుతుంది, అంతవరకే మేలు. వేడి నష్టం మాత్రం పూర్తిగా పడుతుంది. ప్రపంచ సగటు లెక్కల్లో, గ్యాస్ లాభం కలపకుండా, ఒక డిగ్రీ పెరిగితే మక్కజొన్న దిగుబడి 7.4 శాతం, గోధుమ 6, వరి 3.2, సోయా 3.1 శాతం తగ్గుతుందని 2017లో లెక్కగట్టారు. అంటే మన దిక్కు అన్నిటికన్నా ముందు భయపడాల్సింది మక్కల రైతు. చర్చంతా వరి మీదే నడుస్తుంది కానీ మక్కలకు జమ ఖాతా దాదాపు లేనట్టే.

ఇక వరికి వేడి ఎక్కడ తగులుతుందో చూడండి. సగటు ఉష్ణోగ్రత కన్నా పూత గంటలు ముఖ్యం. వరి పువ్వు పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపు విచ్చుకుంటుంది, ఒక్కో పువ్వు తెరుచుకుని ఉండేది గంట, గంటన్నర. ఆ గంటలో కంకి దగ్గర 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సంచి సరిగ్గా పగలదు, పుప్పొడి రాలదు, గింజ తాలు అవుతుంది. మిగతా రోజంతా చల్లగా ఉన్నా పోయిన గింజ తిరిగిరాదు. చేను మొత్తం పూతకు వారం, పది రోజులు పడుతుంది కాబట్టి అందులో నాలుగు రోజులు ఎండ కొట్టినా తాలు శాతం కనబడేంత పెరుగుతుంది.

రాత్రి వేడి ఇంకో దెబ్బ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1992 నుంచి 2003 వరకు సొంత పొలాల దిగుబడి రికార్డు చూసి, ఎండాకాలపు పంటలో రాత్రి కనిష్ఠం ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం దాకా తగ్గినట్టు 2004లో చెప్పింది. పగలు చేసుకున్న పిండిపదార్థాన్ని మొక్క రాత్రి శ్వాసలో ఎక్కువగా కాల్చేసుకోవడం ఒక కారణం. గింజ పాలు పోసుకునే గడువు కుదించుకుపోవడం ఇంకో కారణం.

వరంగల్‌లో దీన్ని క్యాలెండర్ మీద పెట్టి చూడండి. 120–125 రోజుల రకం నవంబరు 20న నారు పోస్తే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో పూత. అప్పుడు పగలు 33–35. అదే డిసెంబరు 20న పోస్తే పూత మార్చి చివరకు జరుగుతుంది, అప్పుడు 38, 39 మామూలే. రకం, నేల, ఎరువు అన్నీ ఒకటే అయినా నెల ఆలస్యంతో పంట వేరు అయిపోతుంది. వేడెక్కడం అంటే ఈ కిటికీ ఏటేటా ముందుకు జరుగుతూ ఇరుకవడం.

లెక్కలు_చూద్దాం

పొలాస గారి లెక్క సరిగ్గా ఉంది, కానీ జమ వైపు ఇంకా రాయాల్సినవి ఉన్నాయి. నష్టాలు మాత్రమే చెప్తే ఎవరూ నమ్మరు.

ఒకటి, చలి మరణాలు. 2000–2019 మధ్య ప్రపంచ లెక్క 2021లో వచ్చింది. మొత్తం మరణాల్లో 8.5 శాతం చలితో, 0.9 శాతం వేడితో ముడిపడినవి. భారతదేశంలో కూడా చలి వైపే ఎక్కువ తేలింది. పోస్టులో చెప్పింది ఇక్కడి వరకు నిజం. కాకపోతే ఆ 'చలి' అంటే గడ్డకట్టే చలి అనుకోవద్దు. మరణాలు అతి తక్కువగా ఉండే ఒక ఉష్ణోగ్రత ఉంటుంది, దానికన్నా చల్లగా ఉన్న ప్రతిరోజూ ఆ ఖాతాలోకే పోతుంది. ఆ రోజుల్లో గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో పోయేవాళ్లే ఎక్కువ. అదే అధ్యయనంలో, మొదటి నాలుగేండ్లకూ చివరి నాలుగేండ్లకూ మధ్య మొత్తం మరణాల్లో చలి వాటా 0.51 శాతం పాయింట్లు తగ్గింది, వేడి వాటా 0.21 శాతం పాయింట్లు పెరిగింది. అంటే మొత్తం మీద ఇప్పటివరకు కొంత లాభమే కనబడింది. ఇది ఇలాగే సాగుతుందని చెప్పలేం, ఎందుకంటే వేడి వైపు గీత నిటారుగా లేస్తుంది, చలి వైపు గీత నెమ్మదిగా వాలుతుంది. పైగా ఇది ప్రపంచ సగటు. రామగుండం మే నెలకు, కెనడా జనవరికి కలిపి తీసిన సగటుతో మన ఊరి సంగతి తేలదు.

రెండు, దోమలు. డెంగీ మోసే దోమకు 29 డిగ్రీల దగ్గర బాగా నడుస్తుంది, మలేరియా వ్యాప్తికి 25 దగ్గర. 34 దాటాక రెండూ పడిపోతాయి. కాబట్టి మే ఎండలు ముదిరితే ఆ నెలలో దోమ జ్వరాలు తగ్గొచ్చు. కానీ నవంబరు, డిసెంబరు వెచ్చబడితే వానకాలం జ్వరాల సీజన్ అటువైపు సాగుతుంది. ఏటూరునాగారం, ఉట్నూరు ఏజెన్సీలో ఇది లెక్కలోకి తీసుకోవాలి.

మూడు, పచ్చదనం. 2000–2017 ఉపగ్రహ చిత్రాల్లో ఆకు విస్తీర్ణం పెరిగిన దేశాల్లో చైనా, భారత్ ముందున్నాయి, నిజమే. అయితే మన దగ్గర పెరిగిన దాంట్లో 82 శాతం పంటపొలాలదే, అడవి వాటా 5 శాతం కూడా లేదు. రెండో పంట, బోరు, కాలువ, యూరియా వల్ల వచ్చిన పచ్చదనం అది. దాన్ని భూతాపం ఖాతాలో జమ వేస్తే లెక్క తప్పుతుంది.

అట్లాగే ప్రతి నష్టాన్నీ అటే నెట్టొద్దు. 2021–22లో వరంగల్, ఖమ్మం మిర్చిని ఊడ్చేసిన నల్ల తామర పురుగు బయటి నుంచి వచ్చిన పురుగు. మక్కలో కత్తెర పురుగు కూడా 2018లో దేశంలోకి దిగిందే. వాతావరణం వాటికి అనుకూలించవచ్చు, రావడానికి కారణం అది కాదు.

ఎవరూ చెప్పనిది ఇంకొకటి. 1901–2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలే పెరిగింది, ప్రపంచ సగటు కన్నా తక్కువ. పొగ, దుమ్ము ఎండను కొంత ఆపడం, పారే నీళ్లు నేలను చల్లబరచడం దీనికి కారణాల్లో ముఖ్యమైనవి. గాలి శుభ్రమైతే ఆ ముసుగు కొంత తొలగుతుంది. పారకం మాత్రం వేడిని తగ్గించి తేమను పెంచుతుంది, ఆ తేమ మనిషికి మంచిది కాదు. దాని గురించి గని పని తెలిసినవాళ్లు ఎవరైనా రాస్తే బాగుంటుంది.

మిల్లు_తూకం

దిగుబడి గురించి అందరు మాట్లాడుతరు, గింజ పగులుడు గురించి ఎవ్వరు మాట్లాడరు. యాసంగి వడ్లు పచ్చి బియ్యం ఆడిస్తే నూకలెందుకు ఎక్కువైతయో తెలిస్తే ఈ వేడి సంగతి సగం అర్థమైతది.

గింజ పాలు పోసుకునేటప్పుడు రాత్రిళ్లు వేడిగ ఉంటే పిండి గట్టిగ పేరుకోదు, లోపల సందులు మిగిలి గింజ మధ్యల తెల్లమచ్చ వస్తది. అది మర బరువుకు ఆగదు. రెండోది కోత దగ్గర. ఏప్రిల్ ఎండకు చేన్లనే గింజ తేమ 15 కిందికి పడిపోతది. అర్ధరాత్రి మంచుకో, చిన్న జల్లుకో మళ్ల తేమ పట్టుకుంటది. గింజ పైపొర ఉబ్బుతది, లోపల ఎండే ఉంటది, అడ్డంగ పగులుతది. పొట్టు ఊడేదాక ఆ పగులు కంటికి కనపడదు.

మిల్లుకు సర్కారు లెక్క క్వింటాల్ వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం, అండ్ల నూక 25 శాతం దాటొద్దు. యాసంగిల పచ్చిది ఆడిస్తే ఈ హద్దు నిలబెట్టుడు కష్టం. ఉప్పుడు చేస్తే ఆవిరికి పిండి ఉడికి పగుళ్లు అతుక్కుంటయి, అందుకే ఇక్కడ ఉప్పుడు మిల్లులు ఇన్ని లేచినయి. 2021ల ఉప్పుడు బియ్యం ఇగ తీసుకోం అని కేంద్రం అన్నప్పుడు లేచిన లొల్లి అంతా ఈ పగులు మీదనే. వేడి పెరిగితే ఈ లొల్లి ఏటా ఉంటది. సన్నాలకైతే ఇంకా ఎక్కువ, సన్నగింజ తొందరగ విరుగుతది.

చేతిల ఉన్న పని ఇది. కంకిల నూటికి 80–85 గింజలు బంగారు రంగుకొచ్చినప్పుడు, తేమ 20–22 ఉండంగనే కోయాలె. 'ఇంకో నాలుగు రోజులు ఆరనిద్దాం, వడ్లు కొనే సెంటర్ల ఇబ్బంది ఉండదు' అని చేన్ల ఉంచుతరు, అక్కడనే పగులు మొదలైతది. కోత మిషన్ డ్రైవర్ జల్ది పోదామని డ్రమ్ము వేగం పెంచుతడు; ఎండిన గింజకు వేగం తగ్గించాలె, ట్యాంకుల పొట్టు ఊడిన గింజలు కనపడుతున్నయంటె వేగం ఎక్కువుందని లెక్క.

ఆరబోసేటప్పుడు రెండు అంగుళాల మందం చాలు, అర్ధగంటకోసారి కాలుతోనన్న పారతోనన్న తిప్పాలె. తారు రోడ్డు మీద పోస్తె అడుగు గింజ మాడుతది, ఏప్రిల్ మధ్యాహ్నం రోడ్డు గాలికన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువ కాలుతది. పన్నెండు నుంచి మూడింటిదాక కుప్పజేసి పరదా కప్పుడు మంచిది. గింజ లోపలి తేమ పైకి సర్దుకుంటది, సాయంత్రం మళ్ల పరిస్తే పగులు తక్కువైతది. రాత్రి కుప్ప మీద పరదా కప్పకుంటే పగలు చేసిన కష్టం మంచుల పోతది.

తూకం లెక్క గూడ చూడుండ్రి. 22 తేమతోని క్వింటాల్ ఉన్న వడ్లు 17కు ఆరితే 94 కిలోలైతయి. 12 దాక ఎండబెడితే 88.6. సెంటర్ల 17 దాక తీసుకుంటరు. అంటే ఎక్కువ ఎండబెట్టినందుకు క్వింటాల్‌కు అయిదు కిలోలకు పైన పాయె, పైకెళ్లి నూక పెరిగె. తేమ మిషన్ ఐకేపీ (మహిళా సంఘాల) సెంటర్ల ఉంటది, రోజు పొద్దుగాల, సాయంత్రం రెండుసార్లు చూపిస్తే సరిపాయె.

మత్తడి_కింద

చెరువు ప్రశ్నకు నేను రాస్తాను. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. అందుకే పడినప్పుడు గట్టిగా పడుతుంది, మధ్యలో ఎండు రోజులు పెరుగుతాయి. ఏడాది మొత్తం వర్షపాతం అంతే ఉన్నా చెరువుకూ బావికీ ఫలితం ఒకటి కాదు. పది రోజులు రోజుకు 10 మిల్లీమీటర్లు పడితే చాలావరకు నేలలోకి ఇంకుతుంది. అదే 100 మిల్లీమీటర్లు మూడు గంటల్లో పడితే నల్లరేగడి పైపొర మూసుకుపోయి, సగానికి పైగా వాగులో పోతుంది. చెరువు నిండుతుంది, బావిలో ఊట అంతగా పెరగదు.

2023 జూలై 27న ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. తెలంగాణ సగటున ఏడాదికి చూసే వర్షపాతం సుమారు 900. అదే రోజు మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. రెండు రోజుల తర్వాత వరంగల్ భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఒక్క వానను పట్టుకుని 'ఇది భూతాపమే' అనడం శాస్త్రం కాదు. అలాంటి వాన పడే అవకాశం పెరిగింది అనడం వరకు సరైనది. కట్ట కాపాడుకునేవాడికి ఆ మాట చాలు.

మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే అలుగు) ఎంత దాటిస్తుందో ఎవరైనా లెక్కేసుకోవచ్చు. వెడల్పాటి మత్తడికి సుమారు సూత్రం: సెకనుకు ఘనమీటర్లు = 1.7 × మత్తడి పొడవు × నీటి ఎత్తు × నీటి ఎత్తు వర్గమూలం. కొలతలు మీటర్లలో. మత్తడి 20 మీటర్లు, దాని మీద నీళ్లు 90 సెంటీమీటర్లు ఉంటే 29 ఘనమీటర్లు, అంటే వెయ్యి క్యూసెక్కుల పైచిలుకు. ఇప్పుడు పైనుంచి వచ్చేది: 5 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో 100 మిల్లీమీటర్లు మూడు గంటల్లో పడి అందులో 60 శాతం పారితే 3 లక్షల ఘనమీటర్లు, సగటున సెకనుకు 28. అప్పటికే నిండిన చెరువైతే లెక్క సరిగ్గా అంచు మీద ఉంది. 150 పడితే దాటిపోతుంది.

ఇక్కడే జనం చేసే పెద్ద తప్పు ఉంది. రెండో పంటకు నీళ్లు మిగలాలనో, చేపలు కొట్టుకుపోకూడదనో మత్తడి మీద ఇసుక బస్తాలు 30 సెంటీమీటర్లు పేరుస్తారు, జాలి కడతారు. మత్తడికీ కట్ట పైభాగానికీ మధ్య ఒకటిన్నర మీటరు ఉందనుకోండి. భద్రతకు 60 సెంటీమీటర్లు వదిలితే నీటికి మిగిలేది 90. బస్తాలు పెడితే అది 60కి పడుతుంది, అప్పుడు దాటేది 16 ఘనమీటర్లే. అడుగు ఎత్తు బస్తాలతో దాదాపు సగం దారి మూసుకుపోయింది. ఆ మిగిలిన నీళ్లు కట్ట మీదుగా పోతాయి, మట్టికట్ట మీదుగా నీళ్లు పోతే కోతకు గంటలు చాలు.

మే నెలలోనే చూడాల్సినవి: మత్తడి కింది వాగులో తుమ్మ, గుర్రపుడెక్క తీసేయడం, కట్ట మీద పెద్ద చెట్లు, ఎలుక, ఎండ్రకాయ బొక్కలు, తూము పక్కన ఊట. ఊట తేటగా వస్తే గుర్తుపెట్టి రోజూ చూస్తుంటే చాలు. బురదగా వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం, వెంటనే నీటిమట్టం దించాలి. అటువైపు బయట ఊట చుట్టూ ముందు ఇసుక, దాని మీద కంకర పోసి బరువు పెట్టాలి. మట్టితో బిగించి మూసేస్తే నీళ్లు ఇంకోచోట పొడుచుకొస్తాయి. శిఖంలో ప్లాట్లు పడ్డ చెరువుకైతే ఈ జాగ్రత్తలేవీ సరిపోవు, నీళ్లు నిలవాల్సిన చోటే పోయింది.

ఖని_రెండో_షిఫ్టు

లెక్కలు_చూద్దాం అన్న అడిగిన తేమ సంగతి. ఒంటికి చెమట ఆరితేనే చల్లదనం, ఆరడం ఆగితే లోపలి వేడి పెరుగుతుంది. దీన్ని తడిబల్బు ఉష్ణోగ్రతతో కొలుస్తారు. 35 తడిబల్బు తట్టుకోలేని హద్దు అని పుస్తకాల్లో ఉండేది. ఆరోగ్యంగా ఉన్న యువకులను గదిలో పెట్టి చూసిన 2022 ప్రయోగాల్లో 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది.

ఇప్పుడు రెండు రోజులు పోల్చండి. మే నెలలో 44 డిగ్రీలు, గాలిలో తేమ 15 శాతం: తడిబల్బు 23. జూన్ మొదట్లో మబ్బు పట్టి 36 డిగ్రీలు, తేమ 60 శాతం: తడిబల్బు 29 పైన. టీవీలో 44కే ఎర్ర అక్షరాలు వేస్తారు, నీడలో పనిచేసే మనిషికి రెండోదే కష్టం. ఎండలో నిలబడితే రెండూ ప్రమాదమే, ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బండ నుంచి వచ్చే సెగ వేరే.

కూలర్ కూడా ఇదే లెక్క మీద నడుస్తుంది. ప్యాడ్లు బాగుంటే గాలి తడిబల్బు వైపు 80 శాతం దూరం చల్లబడుతుంది. 44 ఉన్న రోజు కూలర్ నుంచి 27–28 గాలి వస్తుంది. 36 ఉక్కపోత రోజు 30–31 కిందికి రాదు, గదిలో తేమ ఇంకా పెరుగుతుంది. ఆ రోజు పంపు ఆపి ఫ్యాన్ ఒక్కటే నడిపి, ఎదురు కిటికీ తెరవాలి. మూసిన గదిలో కూలర్ పెట్టుకుని 'పనిచేయట్లేదు' అనేవాళ్లే ఎక్కువ.

వడదెబ్బ గుర్తు: ఒళ్లు కాలిపోవడం, మాట తడబడటం, మనిషిని గుర్తుపట్టకపోవడం. చెమట పడుతున్నా వడదెబ్బ కావచ్చు. 108కు ఫోన్ చేసి, బండి వచ్చేలోపే నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోస్తూ గాలి కొట్టాలి. స్పృహ లేనివాళ్లకు నోట్లో నీళ్లు, మజ్జిగ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 2015 మేలో దేశంలో రెండు వేలమందికి పైగా ఎండకు పోయారు, ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ వాళ్లే. అందులో కొత్త రోగం ఏమీ లేదు, పని వేళలు మార్చకపోవడమే ఎక్కువ.

ఎండ పెరిగితే సోలార్ కరెంటు పెరుగుతుందని కూడా ఒక మాట తిరుగుతోంది. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి 0.35–0.4 శాతం ఉత్పత్తి పడిపోతుంది. రామగుండంలో మే మధ్యాహ్నం పలక 65కు కాలితే 14 శాతం పైనే పాయె. రేకుకు ఆనించి బిగిస్తే ఇంకా ఎక్కువ, అడుగున గాలి ఆడేలా అరడుగైనా ఎత్తు వదలాలి.

పరకాల_పత్తిచేను

అందరికీ దండం. ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఇంకా రెండు: పత్తి, మామిడి. చలికాలం వెచ్చగా ఉంటే పత్తి ఫిబ్రవరి దాకా కాయ పడుతుంది, అది లాభం కాదా? చలి తగ్గుతోంది కాబట్టి యాసంగి నారు నవంబరు మొదట్లోనే పోసుకోవచ్చా?

పొలాస_గట్టు

పత్తికి వెచ్చని చలికాలం రెండువైపులా పనిచేస్తుంది. కాయ నిలుస్తుంది, గులాబి రంగు పురుగు కూడా నిలుస్తుంది. ఆ పురుగు తరం ఎన్ని రోజుల్లో పూర్తవుతుందన్నది వేడిని బట్టి ఉంటుంది. చలి ఉంటే గూడులో నిద్రపోవాల్సిన పురుగు, వెచ్చగా ఉండి పచ్చికాయ దొరికితే ఇంకో తరం పెడుతుంది. ఫిబ్రవరి దాకా ఉంచిన చేను నుంచి వచ్చే మూడు నాలుగు క్వింటాళ్ల కోసం వచ్చే ఏడాది ఊరందరి చేనుకూ పురుగును పెంచినట్టు. డిసెంబరు చివరకు తీసేసి, మోళ్లు రోటవేటర్‌తో దున్నించాలి. కట్టెలు ఇంటి పక్కన కుప్ప వేస్తే కాయల్లోని పురుగు అక్కడే దాక్కుంటుంది. సీజన్‌లో లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడ్డా, నూటికి పది గుడ్డిపూలు (పురుగు పట్టి విచ్చుకోని పూలు) కనబడ్డా అప్పుడే మందు కొట్టాలి.

మామిడికి నష్టమే ఎక్కువ. పూమొగ్గ కట్టడానికి డిసెంబరులో చల్లని రాత్రులు కావాలి. రాత్రి వెచ్చబడితే పూతకు బదులు లేత చిగురు వస్తుంది, లేదా పూత రెండు మూడు విడతలుగా వస్తుంది. విడతలుగా వస్తే తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు ప్రతిసారీ మందు కొట్టాలి, కాయ కూడా ఒక్కసారి కోతకు రాదు. జగిత్యాల మార్కెట్‌కు సరుకు ఆలస్యమైతే ధర పడిపోతుంది. ముదురు ఆకు ఉండి మొగ్గ కదలకపోతే లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కొడితే మొగ్గ పగులుతుంది. లేత ఆకు మీద కొడితే ఫలితం ఉండదు.

నారు సంగతికి లెక్కలు_చూద్దాం గారే చెప్పాలి, చలి లాభం అన్నది వారే.

లెక్కలు_చూద్దాం

లాభం ఉందన్నాను, నమ్ముకోమనలేదు. సగటు చలి తగ్గినా చలిగాలి వచ్చే వారాలు పోలేదు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు 6–8 డిగ్రీలకు పడే రాత్రులు ఇప్పటికీ ఉన్నాయి. కనిష్ఠం 12–13 కిందికి పోతే నారు ఎదగదు, ఆకు పసుపు తిరుగుతుంది, జింకు అందదు.

నవంబరు మొదటి వారం తొందరే. అప్పటికి చాలాచోట్ల వానకాలం కోతలు కావు, ఆ మడి నుంచి వరికి పట్టే దోమ, తెగులు ఈ నారుకు ఎక్కుతాయి. 120–125 రోజుల రకాలకు, అంటే ఎంటీయూ 1010, కూనారం సన్నాలు లాంటి వాటికి నవంబరు 15 నుంచి డిసెంబరు మొదటి వారం లోపు సరిపోతుంది. బోరు, బావి కింద ఇది మీ చేతిలో ఉంటుంది. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద చివరి ఆయకట్టైతే నీళ్లు వదిలే తేదీ, వారబందీ (వంతుల వారీగా నీళ్లు ఇచ్చే పద్ధతి) చూసుకోవాలి. నారు సిద్ధమై నీళ్లు రాకపోతే ముదురు నారు నాటి పిలకలు పోగొట్టుకుంటారు. అక్కడ నారుకన్నా తక్కువ రోజుల రకం ఎంచుకోవడమే మేలు.

చలిలో నారుమడి ఇలా. ఎకరానికి 2 గుంటల మడి, 20–25 కిలోల విత్తనం. 24 గంటలు నానబెట్టి, మండెకట్టేది (మొలకకు మూటగట్టి ఉంచేది) మామూలుగా 24 గంటలైతే చలికి 36–48. గోనెసంచి మీద గోరువెచ్చని నీళ్లు చల్లుతుంటే మొలక సమంగా వస్తుంది. 2 గుంటలకు నత్రజని 2 కిలోలు, సగం చల్లేటప్పుడు, సగం 12–14 రోజులకు. పొటాష్ ఒక కిలో. భాస్వరం వానకాలంలో ఒక కిలో వేసేది యాసంగిలో రెండు కిలోలు వేయాలి, చల్లని నేలలో వేరు దాన్ని సరిగ్గా పట్టుకోలేదు. సాయంత్రం కర్రలు పాతి పాలిథిన్ పట్టా కానీ యూరియా సంచులు కుట్టిన పరదా కానీ కప్పి, పొద్దెక్కాక తీసేయాలి. పరదా ఆకుకు తగలకూడదు, తగిలిన చోట ఆకు మాడుతుంది. రాత్రి చల్లబడ్డ నీళ్లు పొద్దున తీసేసి బోరు నీళ్లు పెట్టాలి, బోరు నీళ్లు వెచ్చగా ఉంటాయి. ఆకు తుప్పు రంగు తిరిగితే లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కొట్టాలి, పురుగుమందుతో కలపొద్దు.

మిల్లు_తూకం

నవంబరుల పోసినోళ్లకు ఇంకో ముచ్చట. కోత మార్చి చివరకు వస్తది, సెంటర్లు అప్పటికి తెరువకపోవచ్చు. వడ్లు ఇంట్ల పెట్టుకునుడైతే 14 తేమకు తేవాలె, 17తోని సంచి కడితే పది రోజులల్ల వేడెక్కి రంగు మారుతది. సంచులు నేలకు ఆనకుండ కట్టెల మీద, గోడకు జానెడు దూరం పెట్టుండ్రి.